తీసేవారూ, దిగేవారూ

మా ఇంట్లో పాత ఫొటో ఆల్బమ్‌లు మూడున్నాయి. ఒకటి అమ్మానాన్నల పెళ్ళిది. దాన్ని పక్కన పెడితే, మిగతా రెండింట్లో 1991 నుంచి 2004 దాకా మా ఇంటి చరిత్రంతా ఉంటుంది. అన్నవరం కొండ మీద తాతయ్య, నాయనమ్మ. ఓణీల ఫంక్షన్ రోజున ఎందుకో కోపంగా ఉన్న అక్క. మూడు చక్రాల సైకిల్ మీద నేను. కొత్తగా వచ్చిన గ్యాస్ స్టవ్ పక్కన అమ్మ. ఓసారి తోచక కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం 214 ఫొటోలు. వాటిలో నాన్నగారు ఉన్నవి మూడు. ఇంకో రెండింట్లో ఆయన నీడ ఉంది.

ఆ నీడ కథేమిటంటే, "సూర్యుడు మన వీపు వెనకాల ఉండాలి" అన్నది నాన్నగారి మొదటి సూత్రం. ఆయన దగ్గర యాషికా ఎంఎఫ్-2 ఉండేది. అప్పట్లో చాలా మధ్యతరగతి ఇళ్ళలో బీరువాలో, నగల డబ్బా పక్కన ఉండే కెమెరా అదే. ప్లాస్టిక్ బాడీ, తిప్పడానికేమీ లేని లెన్సు. ఫోకస్ చెయ్యక్కర్లేదు, చేద్దామన్నా కుదరదు. రీలుకి 36 ఫొటోలు. మా ఇంట్లో ఏడాదికి ఒక రీలు, ఒక్కోసారి అదీ లేదు. కాబట్టి నాన్నగారు ఎండ చూసుకుని, మమ్మల్ని వరసగా నిలబెట్టి, "కదలకండి" అని హెచ్చరించి, ఊపిరి బిగబట్టి నొక్కేవారు. సాయంత్రం ఎండైతే ఆయన నీడ సాగి సాగి మా కాళ్ళ దాకా వచ్చేది. రీలు కడిగించాక గానీ ఆ సంగతి తెలిసేది కాదు.

తెలుగులో ఫొటోకి రెండు క్రియలున్నాయి. కెమెరా వెనకున్నవాళ్ళు తీస్తారు, ముందున్నవాళ్ళు దిగుతారు. మా ఇంట్లో నాన్నగారు తీసేవారే తప్ప దిగేవారు కాదు. ఎవరైనా "మీరూ రండి మాస్టారూ" అంటే, "రీలు అయిపోయింది" అని అబద్ధమాడేవారు.

2022 ఆగస్టులో ఆయనకి పార్కిన్‌సన్స్ అని తేలింది. అప్పటికి ఆయన వయసు 67. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి, కనబడని మాత్రేదో నలుపుతున్నట్టు కదులుతూ ఉండేవి. కాకినాడలో డాక్టరుగారు ఓపిగ్గా చెప్పిన విషయాల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఈ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, ఏదైనా పనిలో పెడితే తగ్గుతుంది. ఆ మాట ఎందుకు గుర్తుందో అప్పట్లో నాకే తెలీదు.

తిరిగొచ్చేటప్పుడు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పడుకుని నిర్ణయించుకున్నాను, ఒక కెమెరా కొనాలని. నాన్నగారి ఫొటోలు తీయాలని.

"ఫోనుంది కదా?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పట్టపగలు ఫోను చాలా బాగా తీస్తుంది, అందులో నాకేమీ పేచీ లేదు. కానీ చీకటి గదుల్లో నైట్ మోడ్ పెట్టినప్పుడు ఫోను తీసేది ఒక్క ఫొటో కాదు. వెంటవెంటనే కొన్ని తీసి, వాటిని కలిపి, ఒకటిగా చేసి చూపిస్తుంది. కదలని వస్తువులకి అది వరం. నాన్నగారి చేతి విషయంలో మాత్రం ఒక ఫొటోలో ఏడు వేళ్ళు వచ్చాయి, ఇంకోదాంట్లో వేళ్ళన్నీ అతుక్కుపోయి మైనపు ముద్దలా ఉంది. ఆ ముద్ద చూశాక ఇంక మా ఆవిడ ఏమీ అనలేదు.

బడ్జెట్ 35 వేలు. "సాఫ్ట్‌వేర్ వాడివి, నీకు బడ్జెట్ ఏంటి?" అని మీరనొచ్చు, మా ఆఫీసులోనూ అన్నారు. ఇంటి లోను వాయిదా, పాప స్కూలు ఫీజు, కొత్తగా మొదలైన మందుల ఖర్చు తీసేశాక, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఖర్చు పెట్టగలిగిన మొత్తం అంతే. అదీ ఏడాది బోనస్‌లోంచి.

ఇంజనీరింగ్ చదివినవాడు డబ్బు తక్కువైనప్పుడు చేసే పని ఒకటుంది. ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. నేనూ తెరిచాను. మొదటి వారం ఆరు కాలమ్‌లు. నెల తిరిగేసరికి ఇరవై మూడు. మెగాపిక్సెళ్ళు, సెన్సర్ సైజు, బరువు, బ్యాటరీకి ఎన్ని ఫొటోలొస్తాయి, కొత్త ధర, పాత ధర, మూడేళ్ళ తర్వాత అమ్మితే ఎంతొస్తుంది. రాత్రి పదకొండు దాటాక యూట్యూబ్‌లో ఎవరో నార్వే కొండల మీద తీసిన ఫొటోల అంచుల్ని 200 శాతం పెద్దవి చేసి చూసుకునేవాణ్ణి, మా కాకినాడ ఇంట్లో పది బై పన్నెండు గది కోసం.

మెగాపిక్సెళ్ళ పిచ్చి ముందు వదిలింది. లెక్క వేస్తే నాలుగు బై ఆరు ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల చొప్పున, కావలసింది 1800 ఇంటూ 1200, అంటే రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు. నేను చూస్తున్న పాత కెమెరాల్లో 24 ఉన్నాయి. ఆల్బమ్‌లో పెట్టుకునే ఫొటోకి అవి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ కాలమ్ కొట్టేశాను.

రెండోది, కొత్తదా పాతదా అన్న ప్రశ్న. 2018లో నికాన్, కానన్ రెండూ పెద్ద సెన్సర్ల మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చాక, జనం అటు మళ్ళడం మొదలైంది. అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్ బజార్లో చవకయ్యాయి. 35 వేలకి కొత్త మిర్రర్‌లెస్‌లో ఏదీ రాదు, వచ్చినా లెన్సు కొనడానికి ఏమీ మిగలదు. మా ఆఫీసులో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే కుర్రాడొకడున్నాడు. వాడు క్యాంటీన్‌లో టీ తాగుతూ తేల్చేశాడు: "అన్నా, బాడీ మీద పెట్టకు, లెన్సు మీద పెట్టు. బాడీ పాతబడిపోద్ది, లెన్సు పాతబడదు." నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987ది. వాడి మాటలో నిజముంది.

ఇక మూడోది, ఏ లెన్సు? ఇక్కడ నేను చాలా నెలలు ఆగిపోయాను. ఆగిపోయానని ఒప్పుకోకుండా "చదువుతున్నాను" అని చెప్పుకున్నాను. సాహిత్యం పిచ్చి ఉన్నవాడికి ఏ పనినైనా చదువు కింద మార్చేసే నేర్పు ఉంటుంది. హెన్రీ కార్తియే-బ్రెసోఁ ఎక్కువగా ఒకే ఒక్క 50 ఎం.ఎం. లెన్సుతో గడిపాడని తెలిసి ఎంతో ధైర్యం తెచ్చుకున్నాను. పరిమితి అంటే అదీ, అనుకున్నాను. ఆయన చేతిలో ఉన్నది లైకా అనీ, దాని పక్కన నా 35 వేల పేదరికాన్ని నిలబెట్టడం కుదరదనీ తర్వాత వెలిగింది. ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ గాజు పలకలతో, అంత బరువు మోసుకుంటూ తీసిన ఫొటోలు చూసి సిగ్గు కూడా పడ్డాను. సిగ్గు పడి మళ్ళీ ఎక్సెల్ తెరిచాను.

ఈలోగా రోలాఁ బార్త్ 'కెమెరా లూసిడా' మళ్ళీ చదివాను. 1977లో తల్లి చనిపోయాక ఆయన ఆమె ఫొటోలన్నీ ముందేసుకుని వెతుకుతాడు. ఏ ఫొటోలోనూ ఆమె పూర్తిగా కనబడదు. చివరికి ఆమెకి ఐదేళ్ళప్పుడు, తను పుట్టకముందు, ఒక అద్దాల తోటలో తీసిన ఫొటోలో దొరుకుతుంది. ఆ ఫొటో గురించి పేజీలకి పేజీలు రాసి, దాన్ని మాత్రం పుస్తకంలో అచ్చు వెయ్యడు. మీకు అదొక మామూలు ఫొటోయే అవుతుంది అంటాడు. ఇంజనీరింగ్ రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు ఇదంతా గొప్ప సిద్ధాంతంలా అనిపించింది. ఈసారి నాకు తట్టింది ఒక్కటే: ఆయనకి వెతుక్కోడానికి ఫొటోల గుట్ట ఉంది. నాకు మూడు ఫొటోలూ రెండు నీడలూ ఉన్నాయి.

డిసెంబర్‌లో అమ్మ ఫోన్ చేసింది. నాన్నగారు డబ్బు తీయడానికి వెళ్తే బ్యాంకులో సంతకం కలవలేదన్నారట. మళ్ళీ పెట్టమన్నారట. మూడుసార్లు పెట్టించి పంపేశారట. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుందని అప్పుడే తెలిసింది. వాట్సాప్‌లో అమ్మ పంపిన కాగితం చూశాను. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద చివరి బెంచీకి కనబడేలా రాసిన మనిషి రాత అది. లైను మొదట్లో ఫర్వాలేదు, పోనుపోను అక్షరాలు తగ్గిపోయి చివరికి చీమల బారులా ఉంది. ఆగస్టు నుంచి అప్పటికి నా షీటు ఇరవై మూడు కాలమ్‌లకి పెరిగింది. నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు.

ఆ సంక్రాంతికి ఆఫీసు కుర్రాడి పాత కెమెరా, దాంతోపాటు వచ్చే మామూలు 18-55 లెన్సు అడిగి పట్టుకెళ్ళాను. నాలుగు రోజుల్లో 190 ఫొటోలు తీశాను. ఐదు నెలల చదువు చెప్పని విషయాలు ఆ నాలుగు రోజులూ చెప్పేశాయి.

ఒకటి: నేను ఏ దూరం నుంచి చూస్తానన్నది. ఫొటోలన్నిటినీ ల్యాప్‌టాప్‌లో వేసి ఫోకల్ లెంగ్త్ ప్రకారం విడదీస్తే, సగానికి పైగా 30కీ 40కీ మధ్యే ఉన్నాయి. కారణం నా కళాదృష్టి కాదు, గది. నాన్నగారి పడక్కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. ఎదురుగా మంచం. మంచం అంచున కూర్చుంటే మా ఇద్దరి మధ్యా ఏడడుగులు. వెనక్కి జరగాలంటే గోడ. అందరూ మొదట కొనమని చెప్పేది 50 ఎం.ఎం. లెన్సు. కానీ మన బడ్జెట్లో దొరికే కెమెరాల సెన్సర్ పాత ఫిల్ము కంటే చిన్నది కాబట్టి, నికాన్‌లో అది 75లా ప్రవర్తిస్తుంది. ఏడడుగుల నుంచి 50 లెన్సు పట్టేది మూడుంబావు అడుగుల వెడల్పు. అందులో నాన్నగారు వస్తారు, కిటికీ రాదు. 35 అయితే దాదాపు నాలుగుముప్పావు అడుగులు. కుర్చీ వస్తుంది, కిటికీ వస్తుంది, కిటికీలో పెట్టిన మందుల డబ్బా కూడా వస్తుంది. స్కూల్లో వాడే టేపుతో కొలిచాను. "ఏం కొలుస్తున్నావురా?" అని నాన్నగారు అడిగితే, "ఏసీ పెట్టిద్దామని" అన్నాను. ఆయన రీలు అబద్ధానికి ఇది నా వంతు.

రెండు: వణుకు. ఆ గదిలో సాయంత్రం ట్యూబ్‌లైటు వెలుగులో, ఐఎస్ఓ 1600 పెట్టినా, ఈ లెన్సు 35 దగ్గర ఎఫ్/4.5 కంటే ఎక్కువ తెరుచుకోదు. షట్టర్ స్పీడ్ 1/25కి పడిపోయేది. అయినా గోడ, కుర్చీ, కేలండర్ మీద అంకెలు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. లెన్సులో వి.ఆర్. ఉంది మరి. నా చెయ్యి కదిలితే లోపల ఒక గాజు ముక్క దానికి తగ్గట్టు సర్దుకుని బొమ్మని నిలబెడుతుంది. నాన్నగారి చెయ్యి మాత్రం ప్రతి ఫొటోలోనూ పొగలా ఉంది. అప్పుడర్థమైంది, వి.ఆర్. నా వణుకుని ఆపుతుంది గానీ ఆయన వణుకుని ఆపలేదు. ఎదుటివాళ్ళు కదిలితే షట్టర్ వేగం ఒక్కటే దిక్కు. వేగం పెరగాలంటే వెలుతురు కావాలి. ఎఫ్/1.8 దాకా తెరుచుకునే లెన్సయితే ఎఫ్/4.5 కంటే ఆరు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. 1/25 కాస్తా 1/160 అవుతుంది.

ఫ్లాష్ వాడొచ్చు కదా అంటారేమో. వాడి చూశాను. ఫ్లాష్ పడగానే గది మాయమైపోయి గుడ్లు మిటకరించిన మనిషొకడు మిగులుతాడు.

తిరుగు ప్రయాణంలో షీటు తెరిచి ఇరవై మూడు కాలమ్‌లలో ఇరవై తీసేశాను. మూడే మిగిలాయి: ఏడడుగులు, ట్యూబ్‌లైటు, వణికే చెయ్యి. ఈ మూడింటికీ సరిపోయేది నికాన్ 35 ఎం.ఎం. ఎఫ్/1.8జి. చిన్న సెన్సర్ కెమెరాల కోసమే 2009లో వచ్చిన లెన్సు. వి.ఆర్. లేదు. జూమ్ లేదు. లెన్సు తేలాక కెమెరా తేలడానికి అరగంట పట్టింది. డి5300 సరిపోతుంది. దాని తెర పక్కకి తెరుచుకుని తిరుగుతుంది కాబట్టి, కెమెరాని ఒళ్ళో పెట్టుకుని పైనుంచి చూస్తూ తీయొచ్చు. ముఖానికి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. అక్కడ ఒక గొయ్యి ఉంది, నాలాంటివాళ్ళు పడకుండా చెబుతున్నాను. నికాన్ చిన్న బాడీల్లో, 3000, 5000 వరసల వాటిలో, ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. పాత 50 ఎఫ్/1.8డి లెన్సు చవగ్గా దొరుకుతోందని కొంటే ఆటోఫోకస్ పనిచెయ్యదు, చేత్తో తిప్పుకోవాలి. పేరులో 'ఏఎఫ్-ఎస్' ఉందో లేదో చూసుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక శనివారం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం, నేనూ ఆఫీసు కుర్రాడూ. పాత కెమెరా కొనడం సంబంధం చూడ్డం లాంటిది, అడక్కపోతే ఎవరూ ఏదీ చెప్పరు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫొటో ఫైల్లోనే రాసి ఉంటుంది. నేను తీసుకున్నది 21 వేలు దాటింది, ఆ షట్టర్‌ని లక్షసార్లకి పరీక్షించి అమ్ముతారు కాబట్టి ఫర్వాలేదు. లెన్సుని ఫోను టార్చికి అడ్డం పెట్టి చూడాలి. లోపల సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనబడితే అది ఫంగస్. ఎఫ్/16 పెట్టి తెల్ల కాగితాన్ని ఫొటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము ఎంతుందో తెలుస్తుంది. మూడో లెన్సు చూసి పక్కన పెట్టేసరికి కొట్టాయన నవ్వాడు. "ఇంత చూస్తున్నవ్, పెండ్లిళ్ళు తీస్తవా అన్నా?" అన్నాడు. "లేదు, ఇంట్లో" అన్నాను. "ఇంట్లకా!" అని ఐదొందలు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో ఇప్పటికీ తెలీదు.

బాడీ 17,500. లెన్సు 9,000. కార్డు 800, అదనపు బ్యాటరీ 1,200, సంచి 700. మొత్తం 29,200. చేతిలో 5,800 మిగిలాయి. ఆ డబ్బుతో తర్వాత ఇంకో లెన్సు కొందామనుకున్నాను.

ఉగాదికి వెళ్ళాను. కెమెరా బయటికి తీయగానే నాన్నగారు లేచి, లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని, తల దువ్వుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకున్నారు.

"అది తీసెయ్యండి నాన్నగారూ" అన్నాను.

"ఉండనీ. చలేస్తోంది" అన్నారు. మార్చి నెలాఖరు, కాకినాడ!

నేను ఏమీ అనలేకపోయాను. అంతవరకూ ఆ చేతిని ఎలా తీయాలన్నదే ఆలోచించాను, తీయొచ్చా అని ఒక్కసారీ ఆలోచించలేదు. ఇరవై మూడు కాలమ్‌లలో ఆ కాలమ్ లేదు. రెండు రోజులు తువ్వాలుతోనే తీశాను. అన్నీ స్పష్టంగా, వెలుతురు బాగా పడి, చక్కగా వచ్చాయి. ఒక్కటీ బాలేదు. ఆధార్ కార్డు మీద ఫొటోల్లా ఉన్నాయి. పైగా ఎఫ్/1.8 దగ్గర ఇంకో ఇబ్బంది బయటపడింది. ఏడడుగుల్లో స్పష్టంగా వచ్చే లోతు పదంగుళాలే. కళ్ళ మీద ఫోకస్ పెడితే మోకాలి మీది చెయ్యి మసకబారుతుంది, చేతి మీద పెడితే ముఖం పోతుంది. తువ్వాలు తీసినా రెండూ ఒక్క ఫొటోలో రావన్నమాట. దీనికోసమా ఇంత చేసింది అనిపించింది.

మూడో రోజు పొద్దున్న, అమ్మ బీరువా సర్దుతూ యాషికా తీసి బల్ల మీద పెట్టింది. చాలా ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు దాన్ని. నాన్నగారు తువ్వాలు పక్కన పడేసి దాన్ని అందుకున్నారు. వెనక తలుపు తెరిచారు. స్పూల్ తిప్పి చూశారు. జేబురుమాలుతో లెన్సు తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, "బూజు పట్టేసిందిరా" అన్నారు. సముద్రం గాలికి అంతే. ఆ తర్వాత అలవాటుగా కెమెరాని కంటి దగ్గర పెట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూశారు.

నా కెమెరా ఒళ్ళోనే ఉంది. తీశాను. వరసగా ఆరు.

తర్వాత తెర మీద పెద్దది చేసి చూస్తే ముఖం ఉంది, చెయ్యి ఉంది, వేళ్ళ మీది ముడతలతో సహా ఉంది. చెయ్యి కంటి దగ్గరికి వచ్చింది కాబట్టి రెండూ ఆ పదంగుళాల్లోనే పడ్డాయి. చెయ్యి వణకలేదు కూడా. డాక్టరుగారు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఊరికే ఉంటే వణుకుతుంది, పనిలో ఉంటే తగ్గుతుంది. ఫొటో దిగమని కూర్చోబెట్టి ఆయన చేతిలోంచి పని తీసేసింది నేనే. ఆయన దిగేవారు కాదు, తీసేవారు. 214 ఫొటోలు లెక్కపెట్టినవాడికి ఇది తెలిసుండాల్సింది.

ఫొటో చూపించాను. చాలాసేపు చూశారు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "ఇదిలా ఇయ్యి" అని నా కెమెరా తీసుకున్నారు. నన్ను కిటికీ పక్కన నిలబెట్టారు. నాన్నగారి పద్ధతి తెలుసుగా, సర్దుకోవడానికి ఒక నిమిషం పడుతుంది. చెయ్యి పనిలో పెట్టగానే వణుకు తగ్గినా, అలా పట్టుకుని ఉండగా మళ్ళీ మెల్లగా మొదలైంది. కెమెరా కూడా బరువే. నొక్కారు. తెర చూశారు.

"కదిలింది" అన్నారు.

రీలు రోజుల మాట అది. ఫొటో మసగ్గా వస్తే "కదిలింది" అనేవారు, ఎవరు కదిలారో చెప్పేవారు కాదు. అప్పట్లో ఎప్పుడూ మేమే అని మా అనుమానం. ఈసారి కదిలింది ఎవరో ఇద్దరికీ తెలుసు. నాకు వెంటనే వి.ఆర్. గుర్తొచ్చింది. ఆయన్ని తీయడానికి అది పనికిరాదని లెక్కలు వేసి మరీ తీసేశాను. ఆయన తీస్తారని అనుకోలేదు.

"ఇక్కడ వెలుతురు చాలదు నాన్నగారూ, అందుకే" అన్నాను.

"అయితే డాబా మీదికి పద" అన్నారు, నేనేదో పెద్ద సమస్య చేస్తున్నట్టు.

డాబా మీద ఎండ పేలిపోతోంది. ఐఎస్ఓ 200, ఎఫ్/4 పెట్టి ఇచ్చాను. షట్టర్ 1/3200 చూపించింది. ఆ వేగంలో ఎవరి చెయ్యి వణికినా ఫొటోలో పడదు. ఎండకి పైసా ఖర్చు లేదు. ఐదు నెలల షీటులో ఆ కాలమ్ కూడా లేదు. నాన్నగారు సూర్యుణ్ణి వీపు వెనక్కి తెచ్చుకుని, నన్నూ అమ్మనీ పిట్టగోడ దగ్గర నిలబెట్టి, "కదలకండి" అన్నారు. పదకొండు ఫొటోలు తీశారు. రెండింట్లో మా తలలు తెగాయి. మిగతావి బాగున్నాయి. ఒకదాంట్లో ఆయన నీడ కింద నేల మీద పడింది. కెమెరా పట్టుకున్న రెండు మోచేతులూ నీడలో కూడా తెలుస్తున్నాయి.

హైదరాబాద్ వచ్చాక మళ్ళీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మిగిలిన 5,800లో 3,500 పెట్టి పాత 18-55 వి.ఆర్. లెన్సొకటి కొన్నాను. షీటులో మొదటి వారమే కొట్టేసిన లెన్సది. దానికి వి.ఆర్. ఉంది, బరువు తక్కువ, దూరం తిప్పుకోవచ్చు. ఏ ఫొటోగ్రఫీ పండితుడూ దాన్ని మెచ్చుకోగా నేను చూడలేదు. మిగిలిన డబ్బుతో నాలుగు బై ఆరు ప్రింట్లు తీయించాను, ఆల్బమ్ కొన్నాను. ప్రింట్లని నాన్నగారే ఆల్బమ్‌లో దోపారు. ఒక్కోటీ కవర్లోకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు. యాషికా పట్టుకున్న ఫొటోని మాత్రం మొదటి పేజీలో కాకుండా మధ్యలో ఎక్కడో పెట్టారు.

ఇప్పుడు కెమెరా కాకినాడలోనే ఉంటోంది. బిగుతుగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో. నాకిక్కడ ఫోను చాలు. మిత్రులెవరైనా "నలభై వేలల్లో ఏ కెమెరా కొనాలి?" అని అడిగితే, ఎవర్ని తీస్తారు, ఏ గదిలో, ఎంత దూరం నుంచి అని అడుగుతున్నాను. అది సూటి జవాబు కాదని వాళ్ళకి కోపం వస్తోంది. ఈమధ్య ఇంకో ప్రశ్న కూడా కలిపాను: కెమెరా కొన్నాక దాన్ని ఇంకెవరు పట్టుకుంటారు?

మొన్న ఆదివారం పొద్దున్నే నాన్నగారి ఫోను.

"ఒరేయ్, బ్యాటరీ బొమ్మ ఎర్రగా కొట్టుకుంటోంది. రెండోది ఎక్కడ పెట్టావు?"

"ఏం తీస్తున్నారు?" అని అడిగాను.

"మీ అమ్మ వడియాలు పెడుతోంది. ఎండ పోతుంది, తొందరగా చెప్పు."